అరుగు మీద ఉప్పునీళ్ళ తొట్టె

మా అన్నయ్య అమలాపురం హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పేవాడు. మద్రాసులో ట్రెయినింగు అయ్యే రోజుల్లో ఎక్కడో గాజు గోడల వెనక సముద్రపు చేపలు ఈదడం చూశాడట. అది అతని మనసులోంచి పోలేదు. సముద్రం ఇంత దగ్గరలో ఉండి కూడా మన పిల్లలకి చేప అంటే బజార్లో గంపలో పడి ఉన్నదే తెలుసు, బతికున్నది ఎలా మసలుతుందో ఒక్కడూ చూడలేదు అని బాధపడేవాడు. దేశానికి స్వతంత్రం వచ్చిన కొద్ది ఏళ్ళకి హెడ్మాస్టరు గారిని ఒప్పించి, ఒక గాజు తొట్టె పెట్టడానికి అనుమతి సంపాదించాడు. అయితే స్కూల్లో సైన్సు గది కప్పు కారుతుంది. సెలవు రోజుల్లో దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉండరు. అందుకని తొట్టె మా ఇంటి వీధి అరుగు మీదకి వచ్చింది. ఇంట్లో నేనున్నాను కదా.

నేను అప్పటికి కొన్నేళ్ళుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. కాపురానికి వెళ్ళిన రెండో ఏడే ఆయన సన్నిపాత జ్వరంతో పోయారు. ఇల్లు మడీ ఆచారం ఉన్న ఇల్లు. నాకు తల జుట్టు తీయించాలని బంధువులంతా పట్టుబట్టినప్పుడు అన్నయ్య ఒక్కడే అడ్డం పడ్డాడు. అమ్మతో కొన్నాళ్ళు మాట్లాడడం మానేశాడు. చివరికి అమ్మే తగ్గింది. అప్పట్నుంచి అన్నయ్య ఏ పని చెప్పినా నేను కాదనలేదు. అన్నయ్య కూడా, నేను కాదంటానేమో అని ఎప్పుడూ అనుకోలేదు.

వంట నాది, అమ్మది. వదిన కడుపుతో ఉంది, కాళ్ళు నీరు పట్టి కూర్చుంటే లేవలేకపోయేది. తెల్లారి లేచి నూతి దగ్గర స్నానం, తడిబట్టతో మడినీళ్ళు, తరవాత పొయ్యి. అందరి భోజనాలూ అయ్యాక నా ఒంటిపూట భోజనం. మళ్ళీ గిన్నెలు, దీపాలు, అన్నయ్య పెద్దపిల్లకి రాత్రి అన్నం. నాకు అప్పుడు ఇరవై రెండో, ఇరవై మూడో. ఆ వయసుకే నడుం పట్టుకుని లేవడం అలవాటయింది.

అలాంటి రోజుల్లో తొట్టె వచ్చింది. కమ్మరి చేత ఇనప చట్రం చేయించి, కాకినాడ నుంచి అద్దాలు తెప్పించి, అన్నయ్యే బిగించాడు. నీళ్ళు పోస్తే ఒక మూలనుంచి కారింది. ఆ మూల పూడిస్తే ఇంకో మూల. చివరికి పడవలు కట్టేవాళ్ళు కలిపినట్టు గుగ్గిలం నూనెలో కాచి అతుకుల మీద పూశాడు. కారడం ఆగింది. అరుగంతా గుగ్గిలం వాసన. ఆ తరవాత ఇసక. సముద్రపు ఇసక గంపలతో దింపించి, తేట నీళ్ళు వచ్చేదాకా కడగాలన్నాడు. నూతి దగ్గర కూర్చుని కడిగాను. ఎంత కడిగినా మట్టి వస్తూనే ఉంది. చేతివేళ్ళ చివర్లు ఒరుసుకుపోయాయి. పులుసులో చింతపండు పిసికితే భగ్గుమని మండేవి.

నీళ్ళు తేవడానికి అల్లవరం అవతల సముద్రపు ఒడ్డున ఉండే ఒక బెస్త మనిషిని కుదుర్చుకున్నాడు. ఆవిడ చేపల గంపతో అమలాపురం బజారుకి వచ్చేది. కాలవలో పడవ మీద వచ్చేటప్పుడు నీళ్ళ బిందెలు కూడా వేసుకురావాలని, బదులుగా మా ఇంట్లో బియ్యం ఇవ్వాలని మాట. మా అమ్మకంటే కొంచెం చిన్నది అయ్యుంటుంది. మెట్ల మీదే కూర్చునేది, అరుగెక్కేది కాదు. అమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఎత్తునుంచి దోసిట్లో పోస్తే తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గోడకి చేరబడి కాసేపు కళ్ళు మూసుకునేది. అలా కళ్ళు మూసుకునే తీరు చూస్తే నాకు మా అమ్మే గుర్తొచ్చేది.

మొదటిసారి తెచ్చిన చేపపిల్లలు తెల్లారేసరికి పైకి తేలిపోయాయి. వెండి రేకుల్లాగా పొట్టలు కనబడుతూ. అన్నయ్య చాలాసేపు చూసి, తప్పు ఇత్తడి బిందెలదన్నాడు. ఉప్పునీటికి ఇత్తడి చిలుం పడుతుంది, అదే విషం. నీళ్ళన్నీ పారబోసి, ఇసక మళ్ళీ కడిగి, ఈసారి మట్టికుండల్లో తెప్పించాం. తెచ్చిన నీళ్ళని పాత గుడ్డలో వడకట్టి పోశాను. వాటిని కొన్నాళ్ళు అలా ఉంచి, కార్తీకం వెళ్ళేలోపల మళ్ళీ ప్రాణుల్ని వదిలాం. వేలెడంత చారల చేపలు కొన్ని, ఇసకలో దాక్కునే దొందు చేపలు, రొయ్యపిల్లలు, ఒక నల్ల పీత, ఖాళీ శంఖాల్లో దూరి బతికే చిన్న పీతలు, ఒక గుల్లకి అంటుకుని నీళ్ళలో పువ్వులాగా విచ్చుకునే వింత జీవి ఒకటి. ఈసారి బతికాయి.

బెస్తావిడ అద్దానికి ఎదురుగా మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"మేం ఎప్పుడూ పైనించే సూత్తామండి అమ్మగారూ. ఇలా పక్కనించి ఈటి మొకం నేనెప్పుడూ సూడలేదండి," అంది.

గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బతికించడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నిలవ నీటిలో గాలి అయిపోతుంది కాబట్టి కదుపుతూ ఉండాలి. అన్నయ్య శివాలయంలో ధారాపాత్ర చూసి, మట్టికుండ అడుగున చిల్లు పెట్టి, దర్భల వత్తి దోపి, తొట్టె మీద వేలాడదీశాడు. కింద నీళ్ళు తీసి కుండలో పోస్తే అవి బొట్లుబొట్లుగా మళ్ళీ తొట్టెలో పడతాయి. కుండ ఖాళీ అయినప్పుడల్లా నింపాలి. దాన్ని చూసి అమ్మ మొహం ముడుచుకుంది. "శివుడికి పెట్టేది చేపలకి పెట్టేవా, నాయనా," అంది. అన్నయ్య సైకిలెక్కి స్కూలుకి వెళ్ళిపోయాడు. కుండ నింపడం నాకు వదిలేశాడు.

తిండి అంతకంటే కష్టం. రొయ్యలు సన్నగా తరిగి, వెదురు పుల్లకి గుచ్చి, ఒక్కొక్కదాని నోటి దగ్గర పెట్టాలి. మిగిలిన ముక్క నీళ్ళలో ఉండిపోతే కుళ్ళి మొత్తం తొట్టె పోతుంది. నేను పుట్టాక నీసు ముట్టుకోలేదు. మొదటి రోజు తరుగుతూ మధ్యలో కత్తి వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. కొన్నాళ్ళు అన్నయ్యే పొద్దున్న తరిగి పెట్టాడు. తరవాత అతనికి ప్రైవేట్లు పెరిగాయి, చీకటుండగానే వెళ్ళేవాడు. కత్తి నా చేతికే వచ్చింది.

అమ్మ నియమం ఒకటే. తొట్టె ముట్టుకుంటే తలమీంచి స్నానం చేసి, తడిబట్ట కట్టుకుంటే తప్ప వంటింట్లోకి రాకూడదు. కుండ నింపాను, స్నానం. మేత వేశాను, స్నానం. చచ్చిన రొయ్యపిల్లని తీసి పారేశాను, మళ్ళీ స్నానం. పుష్యమాసపు చలిలో నూతి దగ్గర పళ్ళు కటకటలాడుతుంటే, నీళ్ళు పోసుకుంటున్నానో ఏడుస్తున్నానో నాకే తెలిసేది కాదు. జుట్టు ఎప్పుడూ ఆరేది కాదు. అన్నయ్య పోరాడి నిలబెట్టిన జుట్టది. దాన్ని పిండుకుంటూ, ఇది లేకపోతే ఎంత సుఖంగా ఉండేదో అని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

చివరికి జ్వరం వచ్చింది. గుండెలో జలుబు పట్టి, లేవలేక చాప మీద పడి ఉన్నాను. వదిన పురిటికి కొత్తపేట వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయింది, పెద్దపిల్లని కూడా తీసుకెళ్ళింది. అన్నయ్య నా జబ్బు చూసి భయపడి, తొట్టె స్కూలుకి పంపించేస్తానన్నాడు. ఆ మాట వినగానే నాకు ఎందుకో వద్దనిపించింది. ఇంత కష్టపడి బతికించినవి అక్కడ రెండ్రోజుల్లో చచ్చిపోతాయి. వద్దన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. జ్వరం తగ్గి, పత్యం పెట్టిన రోజున చెప్పింది.

"అవి ఉన్నన్నాళ్ళూ నువ్వు వంటింట్లోకి రాకు. ఇన్నేసి స్నానాలు చేసి చస్తావు. వంట నేను చూసుకుంటాను."

కోపంగా అనలేదు, దయగానూ అనలేదు. ఒక పని తెమల్చాలి కాబట్టి తెమల్చినట్టు అంది. అమ్మకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. పొయ్యి దగ్గర కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. నేను పెరట్లో, అరుగు మీద, బయటి పనులు చేసుకుంటూంటే లోపల్నుంచి ఆవిడ ఊదుగొట్టంతో ఊదుతున్న చప్పుడు, మధ్యలో దగ్గు వినిపించేవి. నా అన్నం విస్తట్లో పెట్టి నడవలో దూరంగా ఉంచేది. నాకు ఒంట్లో ఓపిక తిరిగి వచ్చింది. కానీ ఆ ఓపిక అమ్మ ఒంట్లోంచే వచ్చిందని నాకు తెలుస్తూనే ఉండేది.

అప్పుడు మొదటిసారి నాకు పగటిపూట ఖాళీ దొరికింది. కుండ నింపి, పక్కనే పీట వేసుకుని కూర్చునేదాన్ని. ఆ చారల చేపల్లో ఏది ఏదో గుర్తుపట్టడం వచ్చింది. ఒకటి ఎప్పుడూ మిగతావాటిని తరిమేది. పీత ఇసకలోకి వెళ్ళి కళ్ళు మాత్రం పైకి పెట్టుకునేది. పువ్వులాంటి ఆ జీవికి మేత తాకిస్తే మెల్లగా ముడుచుకుని మింగేది. అన్నయ్య పాఠం చెప్పే పుస్తకాల్లో బొమ్మలు చూస్తూ, పెళ్ళికి ముందు నేర్చుకున్న కాస్త ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివేదాన్ని. తెలియని మాటలు సాయంత్రం అడిగితే, అలిసిపోయి వచ్చినా సరే, అన్నయ్య కూర్చోబెట్టి చెప్పేవాడు.

క్లాసు పిల్లల్ని వంతులవారీగా తీసుకొచ్చి చూపించడం మొదలైంది. వాళ్ళొచ్చినప్పుడు నేను తలుపు వెనక ఉండేదాన్ని. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు అన్నయ్యకి ఏదో పని అప్పగించడంతో పిల్లలు డ్రిల్లు మాస్టారితో వచ్చారు. ఆయనకి పాపం ఇవేవీ తెలియవు. అందర్నీ వరసలో నిలబెట్టి, అల్లరి చెయ్యకుండా చూడమన్నాడు. సరిగ్గా అప్పుడే శంఖంలో ఉండే పీత ఒకటి ఆ శంఖంలోంచి సగం బయటికొచ్చి ఉంది. దాని వెనక భాగం మెత్తగా, వంకరగా, చర్మం లేనట్టు ఉంటుంది. చచ్చిపోతోందని పిల్లలు గొడవ చేస్తున్నారు. ఎవరో పుల్లతో దాన్ని లోపలికి తోసే ప్రయత్నం చేశారు. అది రెండ్రోజులుగా పక్కనున్న పెద్ద శంఖం చుట్టూ తిరుగుతోందని, కొలుచుకుంటోందని నాకు తెలుసు. తలుపు వెనకనించి ముట్టుకోవద్దని చెప్పాను. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. బయటికి వచ్చాను.

"చచ్చిపోవడం లేదు. పెరిగింది కదా, పాత శంఖం ఇరుకైపోయింది. పెద్దదానిలోకి మారుతోంది. మీరు కదలకుండా ఉంటే వెళ్తుంది, చూడండి," అన్నాను.

పుల్ల పట్టుకున్న పిల్లాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. డ్రిల్లు మాస్టారు తల వంచుకుని పక్కకి జరిగాడు. పీత కాసేపు ఆగి, ఒక్క ఊపులో ఆ మెత్తటి ఒళ్ళు రెండో శంఖంలోకి దోపేసుకుంది. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆపైన వాళ్ళు అడుగుతూంటే నేను చెబుతూ ఉండిపోయాను. ఎంతసేపు చెప్పానో నాకు తెలీదు. వాళ్ళు వెళ్ళాక పీట మీద కూలబడ్డాను.

సాయంత్రానికి పక్కింటావిడ వచ్చి, వయసులో ఉన్న పిల్ల, మొగుడు లేనిది, మగపిల్లల ముందు, పరాయి మగాడి ముందు ఉపన్యాసం ఇచ్చిందట అని అమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడింది. అమ్మ బియ్యం ఏరుకుంటూ వింది. ఆవిడ వెళ్ళాక నడవలోకి వచ్చి నిలబడింది.

"బయటికొచ్చి చెప్పడం ఎందుకే? తలుపు వెనకనించి చెప్పకూడదూ?"

"చెప్పేనమ్మా. వాళ్ళకి వినపళ్ళేదు."

అమ్మ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నయ్య ఆ వారం నుంచే నాకు మెట్రిక్ పాఠాలు మొదలుపెట్టాడు. తరవాత వచ్చిన క్లాసులకి నేనే చూపించాను.

ఎండలు ముదిరాక కాలవలు కట్టేశారు. పడవలు లేవు. బెస్తావిడ ఎడ్లబండి మీద కుండలు పెట్టుకొచ్చేది. కుదుపులకి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయేవి. తొట్టెలో నీళ్ళు ఆవిరైపోతూ ఉంటే ఉప్పు ఎక్కువైపోతుంది. అద్దం మీద సున్నంతో గీత గీసి, ఆ గీత దాకా నూతినీళ్ళు పోసేదాన్ని. సరిపోయిందో లేదో నాలిక మీద చుక్క వేసుకుని చూడడమే. మొదటిసారి అలా చేసినప్పుడు అమ్మ చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. తొట్టె చుట్టూ తడిగోనెలు కప్పి, అవి ఆరకుండా నీళ్ళు చల్లుతూ వేసవి గట్టెక్కించాను. చేపలు కొన్ని పోయాయి, కొన్ని మిగిలాయి. వదిన చంటిపిల్లతో తిరిగొచ్చింది. చంటిపిల్ల ఏడుపు, పెద్దపిల్ల పేచీలు, అమ్మ దగ్గు, అన్నింటి మధ్యా కూర్చుని లెక్కలు చేసేదాన్ని. లెక్కలు నాకు రాలేదు. అలిసిపోయి పుస్తకం మీదే నిద్రపోయేదాన్ని.

వానలు పడి, గోదావరికి వరద వచ్చింది. ఆ రోజుల్లోనే అడుగున కుళ్ళు పట్టి తొట్టెలో నీళ్ళు కంపు కొట్టడం మొదలెట్టాయి. కొత్త నీళ్ళు కావాలి. బెస్తావిడ వానలో తడుస్తూ వచ్చి, కుండలు మెట్ల మీద దింపింది. ఒకదాంట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. చప్పగా, మట్టి వాసనగా ఉంది.

"వరదంతా సముద్రంలోకి దిగిందండి. రేవు దాటి ఎంత లోనికెల్లినా ఇదే నీరండి. సముద్రం సముద్రంలా లేదండి," అంది.

నేనేమైనా అంటానేమో అన్నట్టు చూసింది. ఇంత వానలో అంత దూరం మోసుకొచ్చినందుకు బియ్యం ఇస్తే, పుచ్చుకోకుండా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ బలవంతం చేసి కొంగులో పోసింది.

అన్నయ్య కళ్ళుప్పు కరిగించి కలిపి చూశాడు. ఆ నీళ్ళు నాలికకి ఉప్పగానే ఉన్నాయి, కానీ ఆ ప్రాణులకి అది సముద్రం కాదు. ముందు పువ్వులాంటి జీవి విచ్చుకోవడం మానేసింది. తరవాత చేపలు ఒక్కొక్కటే పక్కకి ఒరిగాయి. మిగతా చేపలన్నిటినీ తరిమే చేప ఆఖరున పోయింది, ఇక తరమడానికి ఏదీ లేక ఒక మూల నిలబడి. శంఖం పీతలు శంఖాలు వదిలేసి బయటికొచ్చి చచ్చిపోయాయి. నల్ల పీత ఒక్కటి ఇంకొన్నాళ్ళు ఇసకలోంచి చూసి, ఒక పొద్దున్న కళ్ళు పైకి పెట్టలేదు.

నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. ముంతతో నీళ్ళు తోడి వీధిలో పారబోశాను. ఇసక గంపకెత్తాను. అన్నయ్య సాయం వచ్చి, రెండు ముంతలు తోడి, అరుగు అంచున కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. పిల్లలకి ఏమని చెప్పాలే అని అడిగాడు. జరిగిందే చెప్పమన్నాను.

మధ్యాహ్నం నూతి దగ్గర తలమీంచి స్నానం చేశాను. తడిబట్టతో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. తొట్టె లేదు కాబట్టి ఇక నా చోటు నాకు వచ్చినట్టే. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొగకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ నెలల్లో ఆవిడ ఎంత చిక్కిపోయిందో అప్పుడే సరిగ్గా చూశాను. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"నీ పరీక్ష ఎప్పుడే?"

వచ్చే వేసవిలో అని చెప్పాను.

"అయితే అప్పటిదాకా రాకు."

"తొట్టె తీసేసేంకదమ్మా. నీకు మోకాళ్ళు..."

"ఉంటే ఉన్నాయిలే. ఇన్నాళ్ళూ చెయ్యలేదూ? ఇంకొన్నాళ్ళు చేస్తాను. పో, తల ఆరబెట్టుకో."

నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అమ్మ మళ్ళీ నా వంక చూడలేదు. ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

మొదటిసారి లెక్కల్లో తప్పాను. మరో ఏడాది అమ్మే వండింది. వదిన చంటిపిల్లని చంకనేసుకుని కూరలు తరిగిచ్చేది, ఒక్క మాట కూడా అనలేదు, కానీ నాతో మాటలు బాగా తగ్గించేసింది. నాకు అది న్యాయంగానే అనిపించేది. రెండోసారి గట్టెక్కాను. రాజమండ్రిలో టీచర్ల ట్రెయినింగులో సీటు వచ్చింది. తరవాత రాజోలు వైపు ఒక ఆడపిల్లల బడిలో ఉద్యోగం. చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. అమ్మ నా మొదటి జీతం నాటికి ఉంది. రెండో ఏడు లేదు.

రాజమండ్రి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. అన్నయ్య నన్ను హాస్టల్లో దింపి, పెట్టె మంచం కింద పెట్టి, సాయంత్రం పడవ అందుకోవాలని తొందరగా వెళ్ళిపోయాడు. పెద్ద గది, మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి, మిగతా వాళ్ళు ఇంకా రాలేదు. చీర కూడా మార్చుకోకుండా మంచం మీద ఒరిగాను. ఎండ ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి మారేదాకా నిద్రపోయాను. మెలకువ వచ్చాక కూడా లేవలేదు. ఎవరూ పిలవలేదు.